తోపు దారికి తుమ్మకంప

"ఎవరి మీద ఒట్టు వేయించుకున్నావు బావా?"

ఆదిలక్ష్మి ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు కోటేశ్వరరావు కాఫీ తాగుతున్నాడు. రెండోసారికి గ్లాసులో కాఫీ అయిపోయింది, అయినా తాగుతూనే ఉన్నాడు. ఇప్పుడా గ్లాసు కూడా ఆమె లాగేసుకుంది కాబట్టి ఆయనగారు నోరు విప్పక తప్పలేదు.

"గట్టిగా మాట్లాడకు. పక్కింట్లో వినపడుతుంది."

"వినపడనీ. నువ్వు నిన్న సాయంత్రం సైకిలేసుకుని మా అమ్మ దగ్గరికెళ్ళిన సంగతి నాకొక్కదానికే వినపడలేదు!"

"నేనేం వేయించలేదు. అత్తే వేసింది. 'నలుగురిలో దాన్ని కూతురా అని పిలవను, సరేనా' అంది. నేను ఊరుకున్నాను."

"ఎవరి మీద వేసింది?"

అతని చూపు ఆమె నడుము దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, కిటికీలోంచి బయటికి పారిపోయింది. ఆదిలక్ష్మికి ఐదో నెల.

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. గ్లాసు తీసుకెళ్ళి నీళ్ళ తొట్టి దగ్గర పెట్టి, కడగకుండా అక్కడే నిలబడిపోయింది. లోపల బిడ్డ కదిలిందో, కోపమే కదిలిందో ఆమెకి తెలియలేదు. ఇంకా కళ్ళు తెరవని బిడ్డ మీద ఒట్టు! అదీ అమ్మమ్మ నోటితో!

దొడ్డివైపు నుంచి బండి దించుతున్న చప్పుడు వచ్చింది. యలమంద, ఇంకో ఇద్దరు కూలీలు తుమ్మకంప దించి తోపు దారి మొదట్లో పేరుస్తున్నారు. గుంజలు నిన్ననే పాతారు. ఇవాళ కంప కట్టేస్తే సరి, సముద్రపొడ్డున చేపలు పట్టుకునే పాలెం వాళ్ళకి ఈ దారి ఇక లేనట్టే.

బాపట్లలో ఈ కాలనీ అంత నెమ్మదైన చోటు ఇంకొకటి లేదని అందులో ఉండేవాళ్ళంతా ఒప్పుకుంటారు. పట్టున పదిహేను పెంకుటిళ్ళు. వెనకాల సరుగుడు తోపులు, ఆ తర్వాత జీడిమామిడి, ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత సముద్రం. ఇక్కడ కుక్కలు కూడా సంజీవరావుగారి అనుమతి తీసుకుని మొరుగుతాయి. ఆయన రిటైరైన తాసీల్దారు, కాలనీ కమిటీకి పెద్ద. కోటేశ్వరరావు ఓవర్సీరు, కమిటీకి కార్యదర్శి. ఆఫీసులన్నీ సమ్మెలో మూతపడి మగవాళ్ళంతా ఇళ్ళల్లో కూర్చున్నాక, తెల్లవారుజామున తోపులోంచి గంపలతో వచ్చే ఆడవాళ్ళ కబుర్లు వాళ్ళ చెవుల్లో మరీ గట్టిగా పడసాగాయి. చేతిలో పని లేనివాడికి పక్కవాడి పని ముల్లులా గుచ్చుకుంటుంది. కమిటీ కూర్చుంది, కంప వచ్చింది.

ఆదిలక్ష్మికి మాత్రం ఈ నెమ్మది మొదటినుంచీ పడలేదు. రోజూ మధ్యాహ్నం కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరిగేది. తోపులో గాలి వీస్తే సముద్రం దొడ్లోకి వచ్చినట్టుండేది. అప్పుడు తలుపు తీసుకుని ఆ దారిన నాలుగడుగులు వేసి, ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి వచ్చేది.

మొగుడూ పెళ్ళాలు ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. అదే చిత్రం. కాపురానికొచ్చిన కొత్తలో పక్కింటి గంగరత్నంగారు "మీదే ఊరమ్మా?" అంటే, కోటేశ్వరరావు "రేపల్లె వైపండి" అన్నాడు. నిజమే, అతను పుట్టింది రేపల్లె అవతల కాలవ గట్టునే. ఆ తర్వాత వారానికి పేరమ్మ గంప నెత్తిన పెట్టుకుని దొడ్డి తలుపు దగ్గరికి వచ్చి కూతురితో మాట్లాడుతుంటే, గంగరత్నంగారు గోడ మీంచి చూసి, "మీకు చేపలు పోసే మనిషి భలే కలుపుగోలు సుమా" అంది. ఆదిలక్ష్మి నోరు తెరిచేలోపల పేరమ్మే "అవునండి. ఈ అమ్మగారికి చేపంటే ప్రాణమండి" అని నవ్వేసింది.

ఆ రోజు నుంచి కన్నతల్లి కూతుర్ని అమ్మగారూ అంటోంది. గంగరత్నంగారు గోడ దగ్గర లేనప్పుడు కూడా ఒక్కోసారి అలవాటున అనేస్తోంది. అది తలచుకుంటే ఆదిలక్ష్మికి అన్నం సయించదు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది ఆదీ" అన్నాడు కోటేశ్వరరావు, వెనకాలే వచ్చి. గొంతులో బతిమాలుతున్నట్టుంది. "తెనాలిలో మనల్ని రెండిళ్ళు ఖాళీ చేయించారు. మర్చిపోయావా? వంటింట్లోంచి చేపల వాసనొస్తోందన్నారు. ఆ రోజు మనింట్లో వండింది బీరకాయ."

ఆమె మర్చిపోలేదు. సామాను రిక్షాలో వేసుకుని వీధిలో నిలబడినప్పుడు అతని చేతులు వణకడం కూడా ఆమెకి గుర్తే. ఆ వణుకు చూసే ఇన్నాళ్ళూ నోరు కట్టుకుంది.

"అందుకని మా అమ్మ దారికి నువ్వే కంప కొడతావా? మాట్లాడితే నువ్వూ నడిచిన దారేగా అది! మా ఇంట్లో ఉండి, మా అమ్మ కలిపిన ముద్దలు తిని, పలకా పుస్తకాలూ పట్టుకుని ఆ దారినేగా బడికొచ్చేవాడివి! ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న!"

"రోడ్డు లేదా? రోడ్డు మీద నడిస్తే కాళ్ళరుగుతాయా?"

"ఇవాళేంటో తెలుసా నీకు?"

"ఏంటి? సమ్మె."

"నాన్న కొత్త వల దించిన రోజు."

కోటేశ్వరరావు మొహం పాలిపోయింది. ఎంత ఓవర్సీరైనా పాలెంలో పెరిగినవాడే కదా. కాలవలకి ఏ తూము ఎప్పుడు ఎత్తాలో అన్నీ తెలిసిన మనిషి ఈ ఒక్కటీ మర్చిపోయాడు.

ఆదిలక్ష్మి తండ్రి పిచ్చయ్య ఇంట్లో తరాలుగా ఒక ఆనవాయితీ ఉంది. కొత్త వలలో పడ్డ మొదటి మేలైన చేపని అమ్మరు, ఇంట్లో వండుకోరు. అది ఆ ఇంటి ఆడపిల్లది. తల్లి స్వయంగా మోసుకెళ్ళి, పిల్లని పేరు పెట్టి పిలిచి, కొంగులో వెయ్యాలి. దారిలో దానికి ఎవరూ వెల కట్టకూడదు. ఆ పిల్ల అందుకున్నాకే ఆ వల మళ్ళీ నీళ్ళలో పడుతుంది. ఒకసారి ఆదిలక్ష్మి పిన్ని కూతురింటికి తాళం ఉందని ఆ చేపని వెనక్కి తెచ్చింది. ఆ ఏడు చిన్నాన్న పడవ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

"అందుకే ఇవాళ రోడ్డెక్కదు బావా. రోడ్డెక్కితే చూసినవాడల్లా బేరమాడతాడు. తోపులోంచే వస్తుంది."

"ఎప్పుడొస్తుంది?"

"పొద్దెక్కేలోపు."

అతను కిటికీలోంచి ఎండ చూశాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికి నడిచాడు.

కంప దగ్గర సంజీవరావుగారు మెడకి మఫ్లరు చుట్టుకుని, చేతికర్రతో యలమందకి దారి చూపిస్తున్నారు. ఆయనకి పని చెప్పడమంటే మహా సరదా. రిటైరయ్యాక చెప్పడానికి మనుషులు దొరక్క మనిషి చిక్కిపోయారు, ఈ నాలుగు రోజుల్లో మళ్ళీ ఒళ్ళు చేశారు. కాలనీలో నలుగురైదుగురు మగవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు. గంగరత్నంగారు చింతపండు పిక్కలు తీసుకుంటూ గట్టు మీద కూర్చుంది.

"రావయ్యా కార్యదర్శీ! ఇదిగో, ఇంకొక్క మోపు పడితే అయిపోయింది."

కోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ్టికి ఆపుదామాండి?"

"ఏం?"

"అబ్బే... ఎండ ఎక్కుతోంది కదా, పాపం కూలీలు..."

"పుష్యమాసంలో ఎండేంటయ్యా!" అని ఆయన నవ్వారు. అందరూ నవ్వారు. కోటేశ్వరరావు కూడా నవ్వాడు. దొడ్డి తలుపు దగ్గర నిలబడ్డ ఆదిలక్ష్మికి ఆ నవ్వు చూసి ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట, "మా అత్త వస్తుందండి" అనే ఒక్క మాట నోట రాక నీళ్ళు నములుతున్నాడు మహానుభావుడు.

అంతలో సరుగుడు చెట్ల మధ్య నుంచి పేరమ్మ వచ్చింది.

పసుపు రాసుకున్న మొహం, ఉతికిన ముతక చీర, నెత్తిన గంప. అడ్డంగా లేచిన కంప చూసి ఆగింది. ఇంకా కట్టని చోట మనిషి పట్టేంత సందుంది. అందులోంచి రావచ్చు, కానీ అవతల ఇంతమంది పెద్దమనుషులున్నారు. గంప దించి ఇసుక మీద పెట్టింది.

"అయ్యగారూ, ఒక్కసారి పోనిస్తే..."

"ఇక ఈ దారి లేదమ్మాయ్" అన్నారు సంజీవరావుగారు. కసిరినట్టు కాదు, ఆర్డరు చదివినట్టు. "మీ వాళ్ళందరికీ చెప్పు. రోడ్డు మీదుగా రండి, పొద్దున ఏడు గంటలు దాటాక రండి, అరవకుండా రండి."

"సరేనండి. చెబుతానండి."

"ఉండండి, పాపం గంప దించింది" అంటూ గంగరత్నంగారు లేచి వచ్చింది. "ఏం చేపే?" అని సందులోంచి చెయ్యి పెట్టి ఆకు ఎత్తింది. గంపలో ఒక్కటే చేప. మోచేతి పొడవున్న పండుగప్ప. "అబ్బో! ఎంతకిస్తావు?"

పేరమ్మ గభాలున ఆకు కప్పేసింది. "ఇది అమ్మేది కాదండి."

"అమ్మనిదాన్ని ఇక్కడిదాకా ఎందుకు మోసుకొచ్చావే?"

"ఒకరికి ఇవ్వాలండి."

"ఎవరికి?"

తల్లి తనవైపు చూస్తుందనుకుంది ఆదిలక్ష్మి. పేరమ్మ చూడలేదు. గంప అంచు చూస్తూ, కాస్త నవ్వుతూ, "ఓవర్సీరుగారి ఇంటావిడకండి. వట్టి మనిషి కాదు గదండి, మంచి చేప పడితే తెమ్మని ముందే చెప్పి ఉంచారండి" అంది.

గంగరత్నంగారు "ఓహో, అదా సంగతి! అయితే నేనెందుకు అడ్డం" అని తప్పుకుంది. కోటేశ్వరరావు ఊపిరి పీల్చుకున్నాడు. పేరమ్మ రెండు చేతులతో చేపనెత్తి కంప మీంచి చాచింది.

"తీసుకోండమ్మగారూ. డబ్బులు తర్వాత ఇద్దురుగాని."

ఎంత తెలివి! ఒట్టూ తప్పలేదు, చేపా చేరింది, అల్లుడి పరువూ నిలబడింది. ఆదిలక్ష్మి పది అడుగులు వేసి చెయ్యి చాస్తే చాలు, అందరూ సుఖంగా ఇళ్ళకి పోతారు. కోటేశ్వరరావు కళ్ళతోనే దండం పెడుతున్నాడు, తీసుకో, తీసుకో అని.

ఆమె కంప దాకా వచ్చింది. చెయ్యి చాచలేదు.

"పేరు పెట్టి పిలవ్వా?"

పేరమ్మ చేపని ఇంకాస్త ముందుకి చాచింది. "మీ పేరు నాకెట్టా తెలుస్తదండి?"

"డబ్బులడిగావు. ఇది డబ్బులిచ్చి కొనుక్కునే చేపా?"

"అమ్మగారూ, పొద్దెక్కుతోందండి. పట్టుకోండి. మా ఇంటాయన ఇంకా ఒడ్డునే కూర్చున్నాడు, నేనెళ్ళాలండి."

ఆ మాట కూతురికి అర్థమైంది. నాన్న వల దగ్గర కూర్చుని అమ్మ రాక కోసం తోపు వైపు చూస్తుంటాడు. ఆదిలక్ష్మికి ఏడుపొచ్చింది. అయినా కొంగు చాచలేదు. ఇవాళ ఇలా తీసుకుంటే రేపు పుట్టే పిల్ల కూడా ఈవిడని చేపలావిడ అనే పిలుస్తుంది.

"ఏంటిది?" సంజీవరావుగారి చేతికర్ర నేల మీద టకటకమంది. "ఓవర్సీరుగారూ, ఏంటి మీ ఆవిడ మాటలు? ఈ మనిషి మీకు తెలుసా?"

అందరూ కోటేశ్వరరావు వైపు తిరిగారు. పేరమ్మ కూడా తిరిగింది. ఆదిలక్ష్మి అతన్నే చూస్తోంది. చెప్పు బావా, ఇప్పుడైనా చెప్పు. కాళ్ళకి ముళ్ళు గుచ్చుకుంటే నిన్ను చంకనెత్తుకుని ఇదే దారిన మోసుకొచ్చిన మనిషి అని చెప్పు.

"తెలుసండి" అన్నాడు కోటేశ్వరరావు.

తోపులో గాలి ఒకటే హోరు పెడుతోంది.

"చేపలమ్మే ఆవిడండి" అన్నాడు.

పేరమ్మ తల దించుకుంది. ఆమె మొహంలో బాధేం కనపడలేదు. బరువు దిగినట్టు కనపడింది. ఆదిలక్ష్మిని కోసేసింది అదే.

"అవునండి" అంది ఆదిలక్ష్మి సంజీవరావుగారితో. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "చేపలమ్మే ఆవిడే. నేను ఆవిడ కూతుర్నండి."

చెప్పి, కంప సందులోకి దూరింది. ముళ్ళు చీరని పట్టుకున్నాయి. లాగింది, చీర చిరిగింది. మోచేతి మీద గీరుకుని నెత్తురొచ్చింది. "ఆదీ, జాగ్రత్త, కడుపు..." అని కోటేశ్వరరావు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. అప్పటికి ఆమె అవతలికి వెళ్ళి తల్లి ఎదురుగా నిలబడి కొంగు పట్టింది.

"వెయ్యి."

"పిచ్చిదానా" అంది పేరమ్మ. ఆ గొంతులో 'అమ్మగారూ' లేదు. వెంటనే నాలిక కరుచుకుని గొంతు తగ్గించింది. "ఒట్టేశానే. నీ కడుపు మీద వేశాను. పేరెత్తితే ఆ పసిగుడ్డుకి తగులుద్ది. ఎత్తకపోతే మీ నాన్న వలకి తగులుద్ది. నన్నేం చెయ్యమంటావు?"

"ఆ బిడ్డని మోసేది నేను. దాని మీద వేసిన ఒట్టు తీసే హక్కు నాకుంది. తీసి గట్టు మీద పెట్టాను. వెయ్యమ్మా."

పేరమ్మ కంప మీంచి అల్లుడి వైపు చూసింది. అతను ఏ సైగా చెయ్యలేదు. ఆమె కూతురి మోచేతి మీది నెత్తురు చూసింది. తన కొంగుతో అది తుడిచింది. తుడుస్తూ ఉండగానే ఏడ్చేసింది.

"ఆదిలక్ష్మీ! కడుపునిండా తినమ్మా."

చేప కొంగులో పడింది. దాని బరువుకి ఆదిలక్ష్మి రెండు చేతులూ కిందికి దిగాయి. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పెళ్ళైన ఈ నాలుగేళ్ళలో ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకున్న రోజు లేదు.

గట్టున నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సంజీవరావుగారు మఫ్లరు సర్దుకుని, తనకేమీ వినపడనట్టు తోపు పైకొమ్మల్లోకి చూడసాగారు. మాట్లాడింది గంగరత్నంగారే. చేతిలో చింతపండు అలాగే ఉంది.

"ఇన్నాళ్ళూ కన్నతల్లి చేత అమ్మగారూ అనిపించుకున్నావటే, పిల్లా?"

ఆదిలక్ష్మి సిద్ధపడ్డది ఈ మాటకి కాదు. కులం అడుగుతారనుకుంది, ఇల్లు ఖాళీ చెయ్యమంటారనుకుంది. వాటికి జవాబులు ఎన్నో రాత్రులు నెమరేసుకుంది.

"దాని తప్పేం లేదండి" అంది పేరమ్మ కంగారుగా. "నేనే..."

"నువ్వుండమ్మా" అంది గంగరత్నంగారు. అని, ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయింది. కోపంతో వెళ్ళిందో, కన్నీళ్ళతో వెళ్ళిందో ఎవరికీ తెలియలేదు.

కూలీలు తప్ప ఆమె వెనకాలే ఒక్కొక్కరూ కదిలారు. చివరికి ఇటు కోటేశ్వరరావు, సంజీవరావుగారు, అటు తల్లీ కూతురూ, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత సందూ మిగిలాయి.

"ఇంటికి రా ఆదీ" అన్నాడు కోటేశ్వరరావు మెల్లగా. "లోపల మాట్లాడుకుందాం."

"లోపల మాట్లాడుకుని మాట్లాడుకునే ఇక్కడిదాకా వచ్చాం బావా. నన్ను రమ్మన్నావు. మా అమ్మని కూడా రమ్మను. ఇద్దరం కలిసే వస్తాం. లేదంటే ఈ దారిన పాలెమెంత దూరమో నాకు తెలుసు."

"అది కాదు..."

"ఆవిణ్ణి అత్తా అని పిలువు. ఒక్కసారి. ఆయన వినేటట్టు."

కోటేశ్వరరావు పెదాలు కదిలాయి. పక్కనే సంజీవరావుగారు ఇంకా కొమ్మల్లోకే చూస్తున్నారు, కానీ ఆయన చెవులు ఇక్కడే ఉన్నాయి. పేరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని "వద్దే, వాణ్ణి అంత బాధ పెట్టకే" అంటోంది.

"కానీవయ్యా, పొద్దెక్కుతోంది" అన్నారు సంజీవరావుగారు, ఎవరినంటున్నారో తెలియకుండా.

యలమంద ఆఖరి కంపమోపు భుజానికెత్తుకుని సందు దగ్గరికి వచ్చాడు. అవతల నిలబడ్డ ఆదిలక్ష్మిని చూశాడు, ఆమె కొంగులో చేపని చూశాడు. మోపు దించలేక, మొయ్యలేక, కోటేశ్వరరావు వైపు తిరిగాడు.

"ఓవర్సీరుగారూ, అమ్మగారు అటేపున్నారండి. మూసెయ్యమంటారా?"

కోటేశ్వరరావు కూడా తలెత్తి, సంజీవరావుగారు చూస్తున్న కొమ్మల్లోకే చూడసాగాడు.